భూమ్‌కాల్: ఒక మాట నడచిన దారి

మాటలకును మనుష్యులవలెనే పుట్టిన ఊరు, పెరిగిన ఇల్లు, తిరిగిన దేశములు ఉండును. ఒక మాట ఏ ధాతువునుండి పుట్టినదో చెప్పుట వ్యాకర్తల పని. అది ఎవరి నోట ఎట్లు మారినది, ఎవరు దానిని గౌరవమునకు వాడిరి, ఎవరు నిందకు వాడిరి అను ప్రశ్నలు చరిత్రకారునివి. ప్రకృతిలోని వస్తువులకు, వ్యాపారములకు పెట్టిన పేర్లు మనుష్య సమూహములకు అంటుకొన్నపుడు ఆ పేర్ల వెనుక ఒక కాలపు కలహమంతయు దాగియుండును. బస్తరు అడవులలో పుట్టిన అట్టి మాట నొకదానిని తీసికొని, దాని నడకను పరిశీలించుట ఈ వ్యాసము ఉద్దేశము. ఆ మాట భూమ్‌కాల్. భూమి కంపించుట అని దాని వాచ్యార్థముగా చెప్పుదురు. 1910వ సంవత్సరమున బస్తరు సంస్థానమున జరిగిన ఆదివాసుల తిరుగుబాటు అని దాని చారిత్రకార్థము.

ఇట్టి అర్థపరిణామము బస్తరుకే పరిమితమైనది కాదు. పోల్చి చూచుటకు దూరదేశపు మాట నొకదానిని ముందు చూతము. ఆకాశమునుండి తేలుచు రాలు మంచు రేకును ఇంగ్లీషువారు స్నోఫ్లేక్ అందురు. చిరకాలము ఆ మాట మంచుకు, మంచువంటి తెల్లని పూవుకు, తెల్లని రెక్కల పిట్టకు మాత్రమే చెల్లెను. ఖగోళ శాస్త్రజ్ఞుడైన కెప్లరు 1611లో ఆ రేకునకు ఆరు కోణములే ఏల ఉండవలెనని ప్రశ్నించి చిన్న గ్రంథము వ్రాసెను. అమెరికాలోని వెర్మాంటు రాష్ట్రమున జెరికో అను పల్లెకు చెందిన విల్సన్ బెంట్లీ అను రైతు 1885 జనవరి 15వ తేదీన మొట్టమొదటి సారి ఒక మంచు స్ఫటికమునకు ఛాయాచిత్రము తీసెను. 1931లో మరణించువరకు ఆయన ఐదు వేలకు పైగా అట్టి చిత్రములు తీసెను. ఏ రెండు రేకులును ఒక్క తీరున ఉండవను భావము ఆయన కృషివలననే లోకమున వ్యాపించెను. 1936లో జపాను శాస్త్రజ్ఞుడు నకాయా ఉకిచిరో హొక్కైడో ద్వీపమున తన ప్రయోగశాలలో కృత్రిమముగా మంచు స్ఫటికములను పెంచి, వాతావరణపు వేడిమియు తేమయు మారినకొలది వాటి ఆకృతి ఎట్లు మారునో చూపెను.

ఈ శాస్త్రచరిత్ర ఒకవైపు నడచుచుండగా, మాట మరియొక దారి పట్టెను. 1860 ప్రాంతమున అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రమున బానిసత్వము నిలువవలెనని కోరిన తెల్లవారిని ఈ పేరుతో పిలిచిరని నిఘంటుకారులు కొందరు చూపిరి. ఆ వాడుక ఎంతవరకు వ్యాపించెనో అని మరికొందరు శంకించిరి. 1970 ప్రాంతమున అది తెల్లవారిని, తెల్లవారివలె మెలగు నల్లవారిని ఎగతాళి చేయు మాట యయ్యెను. 1996లో వెలువడిన ఒక నవల, 1999లో దానినుండి తీసిన చలనచిత్రము ఆ మాటకు వేరొక పదును పెట్టినవి: నీవేమియు అపురూపమైన రేకువు కావు అను అధిక్షేపముగా అది ప్రచారమునకు వచ్చెను. 2016 నాటికి చిన్న మాటకే నొచ్చుకొను యువతరమును నిందించు రాజకీయ పదమై, కాలిన్స్ నిఘంటువు ఆ యేటి విశేష పదముల పట్టికలో చేరెను. ప్రతి రేకును ప్రత్యేకమే అను ఆశ్చర్యమునుండి బయలుదేరి, ప్రతివాడును తాను ప్రత్యేకమనుకొనునను ఎగతాళివద్దకు ఆ మాట చేరెను. వస్తువు మారలేదు, వాడిన నోరు మారెను.

తెలుగువారికి ఈ మాటను అనువదించుట సులభము కాదు. మనకు మంచు అన్నచో వేకువజామున గడ్డిపై నిలుచు బిందువును మంచే, పొలములపై క్రమ్ము పొగయు మంచే, హిమాలయముపై పేరుకొనునదియు మంచే. సంస్కృతమునుండి హిమము, తుహినము, తుషారము, నీహారము, ప్రాలేయము మొదలగు పదములను మన కవులు తెచ్చుకొనిరి. అయినను ఆకాశమునుండి రాలు ఒక్క రేకును వేరుగా చూచి పేరు పెట్టవలసిన అవసరము మనకు కలుగలేదు. అనువాదకులు మంచు తునక అనియు, హిమరేణువు అనియు, మంచు పూవు అనియు తోచినట్లు వ్రాయుదురు. ఇక నిందార్థమున వాడిన చోట ఏ మంచు మాటయు పనికిరాదు. తాకినంతనే ముడుచుకొను అత్తిపత్తి మాత్రమే మనవారికి ఆ భావమును స్ఫురింపజేయును. ప్రతి జాతియు తన నేలపై ఉన్న వస్తువులతోనే తన నిందలను, ప్రశంసలను నిర్మించుకొనును. మంచు కురియని బస్తరు తన చరిత్రను చెప్పుకొనుటకు మంచును ఆశ్రయింపలేదు. అది తన కాలి క్రింది నేలను ఆశ్రయించెను.

బస్తరు మన తెలుగు దేశమునకు పరాయి దేశము కాదు. ఇంద్రావతియు శబరియు బస్తరు అడవుల నీటిని తెచ్చి గోదావరిలో కలుపుచున్నవి. శబరి కూనవరమువద్ద మన గడ్డపైననే గోదావరిని చేరును. దక్షిణ బస్తరులోని కోంటా, భోపాలపట్నము ప్రాంతములలో తెలుగు మాట నేటికిని వినబడును. బారసూరు మొదలగు చోట్ల ఛిందక నాగవంశీయుల నాటి తెలుగు శాసనములు కలవు. 1323లో ఓరుగల్లు పతనమైన పిమ్మట ప్రతాపరుద్రుని సోదరుడగు అన్నమదేవుడు ఉత్తరముగా పోయి అక్కడ రాజ్యము స్థాపించెనని బస్తరు రాజవంశ కథనము. దేవి దంతేశ్వరి అతని వెనుక నడచుచు, నీవు వెనుదిరిగి చూడనంతవరకు వత్తునని చెప్పెననియు, శంఖినీ డంకినీ నదుల సంగమమువద్ద ఇసుకలో ఆమె అందెల సవ్వడి ఆగినందున రాజు తిరిగి చూచెననియు, దేవి అక్కడనే నిలిచిపోయెననియు చెప్పుదురు. బస్తరు అను పేరునకే రెండు కథలు కలవు. దేవి తన వస్త్రమును పరచినంతమేర రాజ్యమైనందున ఆ పేరు వచ్చెనని కొందరు, రాజులు వెదురు పొదల నీడలో కాలము గడిపినందున వెదురును బట్టి వచ్చెనని కొందరు అందురు. మొదటిది రాజాస్థానపు కథ. రెండవది అడవి కథ. ఒకే పేరును రాజు ఒక విధముగను, అడవి ఒక విధముగను వివరించుకొనుట ఆ దేశపు చరిత్రలో పదే పదే కనబడును.

భూమ్‌కాల్ అను మాటలోని మొదటి భాగము సంస్కృతపు భూమియే. కాని బస్తరు కొండలలో దాని అర్థము మన భూమికంటె విశాలమును, లోతును గలది. 1927 మొదలు 1931 వరకు బస్తరు పాలనాధికారిగా నుండిన గ్రిగ్సన్ 1938లో ప్రకటించిన మాడియా గోండుల గ్రంథమున భూమ్ అను మాటను వివరించెను. ఒక వంశమువారు తరతరములుగా నివసించి, పోడు కొట్టి, తమ మృతులకు రాళ్లు నిలిపి, తమ దేవతలను కొలుచు అడవి, కొండ, వాగు అంతయు కలసి భూమ్ అగును. దానిని కొనుటకును అమ్ముటకును వీలులేదు. పూజారి తొలుత నేలతల్లి అనుజ్ఞ పొందినగాని విత్తు నాటరు. ఇట్టి నేల కంపించినదన్నచో కేవలము భౌతికమైన కంపము గోచరింపదు; మనుష్యునికిని అడవికిని దేవతకును గల ఒడంబడిక చెదరెనని అర్థము. ఈ సంగతి తెలియకున్నచో 1910 సంవత్సరపు ఘటనకు అక్కడివారు ఆ పేరు ఏల పెట్టుకొనిరో బోధపడదు.

ఆ ఒడంబడిక చెదరిన తీరు ఇది. 1891లో భైరమదేవుడు మరణించెను. కుమారుడు రుద్రప్రతాపదేవుడు పసివాడు. కనుక 1908 వరకు సంస్థాన పాలన ఆంగ్ల ప్రభుత్వము నియమించిన అధికారుల చేతిలో నుండెను. 1899 నుండి 1900 వరకు ఒక కరవు, 1907 నుండి 1908 వరకు మరియొక కరవు వచ్చినవి. ఈ రెంటి నడుమ 1905లో ప్రభుత్వము అడవిలో మూడింట రెండు వంతులను రిజర్వు చేయవలెననియు, పోడు వ్యవసాయమును, వేటను, అడవిసరకు సేకరణను ఆపవలెననియు ప్రతిపాదించెను. కొన్ని గ్రామములను అడవిలో ఉండనిచ్చిరి. అయితే అందలి జనులు అటవీశాఖకు కూలిలేకుండ చెట్లు నరికి మోయవలెను, అడవిని అగ్నినుండి కాపాడవలెను. తక్కిన గ్రామములను నష్టపరిహారము లేకుండ, తగిన హెచ్చరిక లేకుండ ఖాళీ చేయించిరి. వీటికి తోడు భూమి శిస్తు పెరిగెను. అధికారులకు వెట్టిచాకిరి, ఉచితముగా సరకులిచ్చుట తప్పనిసరి యయ్యెను. ఇంటింట ఇప్పసారా కాచుకొను అలవాటుపై ఆంక్షలు వచ్చినవి. పాఠశాల పేరిటను గ్రామస్థులను పీడించిరి. విద్య మంచిదే. కాని బడిని కట్టుటకు వెట్టి, పంతులును పోషించుటకు వెట్టి అయినపుడు బడి కూడ ఠాణావలె కనబడును.

రిజర్వు మొదట అమలైనది జగదల్‌పూరునకు దక్షిణముననున్న కాంగేరు అడవిలో. అందు నివసించువారు ధుర్వాలు. వారి భాష పర్జీ ద్రావిడ కుటుంబమునకు చెందినది. బరో, భట్టాచార్య పండితులు దానిని పరిశీలించి 1953లో గ్రంథము వెలువరించిరి. తొలుత కదలినవారు ధుర్వాలే. వారిలో నేతానారు గ్రామమునకు చెందిన గుండాధుర్ పేరు జనుల నాలుకలపై నిలిచినది. రాజవంశమున లాల్ కాలేంద్రసింగును, రాణి సుబరన్ కుంవరియు కూడ తిరుగుబాటునకు అండగా నిలిచిరి. అయితే ఒక్క నాయకుని ఆజ్ఞపై నడచిన యుద్ధము కాదది. ఊరూర సంతలలో, పండుగలలో, పెద్దలును పూజారులును కూడిన చోట్ల మాట్లాడుకొని నిర్ణయించుకొన్నది.

ఆ కబురు ప్రాకిన విధము గమనింపదగినది. మామిడి కొమ్మ, మట్టిపెళ్ల, మిరపకాయలు, బాణము ఒక ఊరినుండి మరియొక ఊరికి పోయినవి. కొమ్మయు మిరపకాయయు కలసిన ఆ సంకేతమును హల్బీ భాషలో డారామిరీ అందురు. వ్రాతలేని జనులకు అదియే లేఖ. మట్టిపెళ్ల ఏ విషయమో చెప్పును. బాణము ఏమి చేయవలెనో చెప్పును. దానిని అందుకొన్న ఊరు ఖర్చులకు తనకు తోచినది ఇచ్చి, సంకేతమును ముందుకు పంపవలెను. పన్నెండేండ్ల తరువాత 1922లో మన్యమున అల్లూరి సీతారామరాజు పంపిన మిరపకాయ టపా ఎఱిగిన తెలుగువారికి ఈ సంకేతము క్రొత్తగా తోపదు. ఒకటి మరియొకదానినుండి వచ్చెనని చెప్పుటకు ఆధారము అక్కరలేదు. ఒకే అడవి వరుసలో ఒకే తీరు కష్టము అనుభవించిన జనులకు ఒకే తీరు లిపి దొరకెనని చెప్పిన చాలును.

1910 ఫిబ్రవరి మొదటి వారమున పుష్పాల్ సంత దోపిడితో కలహము పైకి వచ్చెను. సంతలను దోచిరి; అధికారుల ఇండ్లను, వర్తకుల ఇండ్లను, ఠాణాలను, పాఠశాలలను తగలబెట్టిరి. దొరకిన ధాన్యమును జనులకు పంచిరి. దెబ్బతిన్నవారిలో అధికులు పాలనతోనో, దాని అక్రమ వసూళ్లతోనో సంబంధముగలవారే. సంస్థానమందలి 84 పరగణాలలో 46 పరగణాలకు తిరుగుబాటు వ్యాపించెను. గేయర్ మొదలగు అధికారుల నాయకత్వమున బలగములు వచ్చినవి. ఫిబ్రవరి 25వ తేదీన అల్నారువద్ద పోరు జరిగెను. విల్లమ్ములు తుపాకుల యెదుట నిలువలేకపోయినవి. ఊళ్లు దగ్ధమైనవి, జనులు అడవులలోనికి పారిపోయిరి. శాంతి నెలకొల్పుటకు ప్రభుత్వమునకు ఫిబ్రవరి మొదలు మే వరకు మూడు నెలలు పట్టెను. అనేకులు కొరడాదెబ్బలు తినిరి. జగదల్‌పూరు గోల్ బజారులోని చింతచెట్టునకు డేబ్రీధుర్ మొదలగువారిని ఉరితీసిరని అక్కడివారు నేటికిని చూపుదురు. గుండాధుర్ మాత్రము పట్టుబడలేదు. తుదకు రిజర్వు పని కొంతకాలము నిలిచెను. రిజర్వు చేయదలచిన అడవి విస్తీర్ణము దాదాపు సగమునకు తగ్గెను. ఓడిన పోరు అని వ్రాసిన చరిత్రపుటలలోనే ఈ తగ్గింపు సంగతియు ఉన్నది.

ఇక పేరు సంగతి. అధికారుల నివేదికలలో ఇది బస్తరు అల్లరి, అలజడి, తిరుగుబాటు. పొలిటికల్ ఏజెంటు డి బ్రెట్ కారణముల పట్టిక నొకదానిని కూర్చెను. అందు అడవుల రిజర్వు, వెట్టి, పోలీసు పీడన మొదలగునవి చోటుచేసికొన్నవి. అయినను రాజవంశపు కలహమే మూలమనియు, అమాయకులైన అడవిజనులను కాలేంద్రసింగు రెచ్చగొట్టెననియు చెప్పుట పాలకులకు సుకరముగ నుండెను. అలజడి యన్నచో దానికి కారణము వెదకనక్కరలేదు, ప్రేరకుని వెదకిన చాలును. అల్లరి యన్నచో చేసినవాడు బాలుడు, అణచినవాడు తండ్రి. భూకంపమన్నచో అట్లు కాదు. భూకంపమునకు కుట్రదారుడు లేడు. అది నేల లోపలి ఒత్తిడివలన కలుగును. ఒకరిద్దరు పురికొల్పినందున నేల కదలదు. తమ కార్యమునకు ఆ పేరు పెట్టుకొనుటలో బస్తరు ప్రజలు తెలిసియో తెలియకయో ఒక చారిత్రక సిద్ధాంతమునే ప్రతిపాదించిరి. డెబ్బది, ఎనుబది యేండ్ల పిమ్మట పండితులు గ్రంథములలో నిరూపించిన సంగతి ఆ ఒక్క మాటలో ఇమిడియున్నది.

మన తెలుగునాట ఇట్టి ఘటనలకే పితూరీ అను పేరు నిలిచెను. కలత, కుట్ర అను అర్థమున ఉర్దూ ద్వారా మనకు వచ్చిన మాట ఇది. 1857నాటి సంగ్రామము మన పెద్దల నోట సిపాయి పితూరీ. 1879లో గోదావరి మన్యమున చిగురు పన్నుపై, ముఠాదారుల దోపిడిపై జనులు లేచినపుడు అది రంప పితూరీ. 1922 ఆగస్టు 22న చింతపల్లి ఠాణాపై దాడితో మొదలై, 1924 మే 7న సీతారామరాజు మరణమువరకు సాగిన పోరాటమును మన్యం పితూరీ అనిరి. రికార్డులలోని మాట జనుల నోటికి వచ్చెను. తరువాత ఏమి జరిగెను? స్వాతంత్ర్యోద్యమ కాలమున ఈ ఘటనలపై మనకు గౌరవము కలుగగానే, పితూరీ అను మాటను విడిచి విప్లవము, సంగ్రామము అను క్రొత్త పేర్లు పెట్టితిమి. పాత మాట ఇంటివద్ద మిగిలెను. నేడు పితూరీ అన్నచో పిల్లవాడు తన అన్నపై తల్లికి చెప్పు చాడీ. కోడలిపై అత్త చెప్పు ఫిర్యాదు. తుపాకులు మ్రోగిన మాట వంటింటి గుసగుస యయ్యెను.

ఈ మూడు మాటలను ప్రక్క ప్రక్కన ఉంచి చూచిన ఒక సూత్రము కనబడును. మంచు రేకు సౌందర్యమునుండి నిందకు దిగెను. పితూరీ భయమునుండి చాడీకి దిగెను. భూమ్‌కాల్ భయమునుండి గర్వమునకు ఎక్కెను. కారణమేమి? మొదటి రెండింటిని మనుష్యులకు అంటించినవారు ఇతరులు. అంటించినవారు తమ అవసరము తీరగానే వాటిని వదలివేసిరి, లేదా వేరొకరిపై విసరిరి. మూడవదానిని ఆ కార్యము చేసినవారే తమ నోట పలికిరి. ఇతరులు పెట్టిన పేరు అంగీవంటిది, ఎవరైనను విప్పవచ్చును. తాము పెట్టుకొన్న పేరు పచ్చబొట్టువంటిది.

అయినను తాము పెట్టుకొన్న పేరును సయితము ఇతరులు అపహరింపవచ్చును. భూమ్‌కాల్ ఉత్తరకథ ఈ ప్రమాదమునే తెలుపుచున్నది. ప్రతి సంవత్సరము ఫిబ్రవరి 10వ తేదీని బస్తరులో భూమ్‌కాల్ స్మృతిదినముగా జరుపుదురు. 2000వ సంవత్సరమున ఏర్పడిన ఛత్తీస్‌గఢ్ రాష్ట్రము క్రీడాకారులకిచ్చు పురస్కారమునకు గుండాధుర్ పేరు పెట్టెను. జగదల్‌పూరులోని వ్యవసాయ కళాశాలకును ఆ పేరే. మరియొకవైపు 1980 మొదలు తెలంగాణమునుండి గోదావరి దాటి బస్తరు అడవులలో ప్రవేశించిన సాయుధ దళములు కాలక్రమమున తమ గ్రామ సైన్యమునకు కోయ భూమ్‌కాల్ మిలీషియా అని పేరు పెట్టుకొన్నవి. వారి వెంట సంఘం, దళం అను తెలుగు వాడుకలు కూడ గోండి పల్లెలకు పోయి, అక్కడి వార్తాపత్రికల హిందీలోనికిని ఎక్కినవి. ప్రభుత్వము బహూకరించు ఫలకముపైనను, ప్రభుత్వముతో పోరు సల్పువాని జెండాపైనను 1910 నాటి స్మృతియే. ఇరువురి నడుమనున్న పల్లెవానిని, నీ భూమ్‌కాల్ ఏది అని ఎవరును అడుగలేదు.

2005 జూనులో బీజాపూరు ప్రాంతమున మరియొక మాట పుట్టెను: సల్వా జుడుం. జుడుం అన్నచో ఊరివారందరు కలసి చేయు వేట. సల్వా అను మాటలో శాంతింపజేయుట, శుద్ధి చేయుట అను భావములున్నవి. తెలుగు చెవికి అందు మన చలువ మాటయే స్ఫురించును. ప్రభుత్వ పక్షమువారు దానిని శాంతి ఉద్యమమని అనువదించిరి. గోండి తెలిసినవారు శుద్ధివేట అనిరి. ఈ రెండు అనువాదముల నడుమనున్న దూరమెంతయో ఆ తరువాతి సంవత్సరములలో తేలెను. వేలకొలది జనులు ఊళ్లు విడిచి శిబిరములకు చేరిరి, ఊళ్లు తగలబడినవి, రెండు పక్షముల చేతులలోను సామాన్యులు మరణించిరి. 2011 జులై 5వ తేదీన సుప్రీంకోర్టు ఆదివాసీ యువకులకు ఆయుధములిచ్చి ప్రత్యేక పోలీసు అధికారులుగా నియమించుట రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పెను. న్యాయస్థానము తీర్పు చెప్పవలసినది చర్యలపైననే. కాని ఆ చర్యలకు మొదట తెర కట్టినది ఒక అనువాదము. చలువ అను మాటను కప్పుకొని నిప్పు నడచెను.

ఆ నిప్పునుండి పారిపోయినవారు అనేకులు గోదావరి వైపునకు, అనగా మనవైపునకు వచ్చిరి. భద్రాచలము, ములుగు, చింతూరు ప్రాంతముల అడవులలో గుడిసెలు వేసికొనిరి. వారు తమను మురియాలమనియో, కోయితూర్లమనియో చెప్పుకొందురు. కోయితూర్ అన్నచో వారి భాషలో మనిషి. మనవారు వారికి గుత్తికోయలు అని పేరు పెట్టిరి. ఆ పేరు వారిది కాదు. అయినను పత్రికలలో, అటవీశాఖ కాగితములలో, గ్రామసభలలో ఆ పేరే నిలిచెను. బస్తరులో షెడ్యూల్డు తెగగా గుర్తింపు పొందినవారు నది దాటగానే తెలంగాణ జాబితాలో తమ తెగ పేరు కానరాక, కులధ్రువపత్రమునకై తిరుగవలసి వచ్చెను. పత్రము లేనివానికి అడవిభూమిపై హక్కు చెప్పుకొనుట దుర్లభము. కాంగేరు అడవిలో ధుర్వా పూర్వము ఎదుర్కొన్న ప్రశ్నయే ఇది: ఈ నేలపై నీవెవరవు? 1905లో ఆ ప్రశ్నను అటవీ రేఖ అడిగెను. ఇప్పుడు జాబితాలోని ఒక పదము అడుగుచున్నది. ధుర్వాలు నివసించిన ఆ కాంగేరు లోయ 1982లో జాతీయోద్యానవనముగా ప్రకటితమయ్యెను. ప్రపంచమంతట యాత్రికులు వచ్చి అక్కడి జలపాతములను, గుహలను చూచి పోవుచున్నారు. రేఖ మాత్రము చెరిగిపోలేదు.

మాటల చరిత్ర వినోదమునకై చదువు చదువు కాదని ఇంతవరకు చెప్పిన సంగతులవలన తెలియుచున్నది. నిఘంటువు అర్థములను వరుసగా పేర్చి చూపును. ఆ అర్థములలో ఏది ఎవరి ఒంటిపై దెబ్బయై పడెనో చెప్పదు. దానిని చెప్పవలసినది చరిత్ర. భిన్న భాషల సాహిత్యమును ఒకరికొకరము అందించుకొను ఈ దేశమున అనువాదకునిపైనను ఆ భారము కొంత ఉన్నది. భూమ్‌కాల్‌ను అల్లరి అని వ్రాసినవాడు ఒక పక్షము చేరిపోవును. భూకంపమని మాత్రమే వ్రాసినవాడు అందలి మనుష్యులను మరచును. విప్లవమని వ్రాసినవాడు తన కాలపు మాటను వారి నోట పెట్టును. అట్టి చోట మాటను మాటగనే ఉంచి, దాని వెనుకనున్న నేలను చూపుట మేలు. మనము బెంగాలీనుండి, మరాఠీనుండి ఎన్ని మాటలను యథాతథముగా తెచ్చుకొనలేదు? గోండియు, హల్బీయు, పర్జీయు మన పొరుగింటి భాషలు. వాటికి ఆ మర్యాద ఇచ్చుట మనకు పెద్ద కష్టము కాదు.

మంచు రేకును చేతిలో పట్టుకొన్నవాడు దాని ఆరు కోణములను చూచులోపలనే అది కరగును. మాటయు అట్టిదే, పిడికిట పట్టినవానికి నీరే మిగులును. బెంట్లీ వలె ఊపిరి బిగబట్టి, చేయి తగులనీయక, దానిని పుట్టిన చలిలోనే చూచినవానికి దాని రూపము దక్కును. భూమ్‌కాల్‌ను కూడ అట్లే దాని నేలపై, దానిని పలికినవారి నడుమ చూడవలెను. అట్లు చూచిననాడు, గుత్తికోయ అని మనము పిలుచువాడు తన్ను తాను ఏమని పిలుచుకొనునో అడుగుటకు మనకు తోచును. ఆ ప్రశ్న అడుగుట చరిత్రకు మొదటి మెట్టు. సమాధానమును అతని మాటలోనే వ్రాసికొనుట రెండవది.